నడక వేగంతో ఓడిపోయే పందెం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఏటా జూన్ ఆఖరి వారాంతంలో వెస్టర్న్ స్టేట్స్ అనే పరుగు పందెం జరుగుతుంది. దూరం 161 కిలోమీటర్లు, అంటే నూరు మైళ్ల పైచిలుకు. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు ఒలింపిక్ వ్యాలీలో బయల్దేరినవాళ్లు ఆదివారం ఉదయం 11 గంటలలోపు ఆబర్న్ ఊళ్లోని హైస్కూలు మైదానానికి చేరాలి. మొత్తం 30 గంటల గడువు. 161ని 30తో భాగిస్తే గంటకు 5.4 కిలోమీటర్లు కూడా రాదు. పొద్దున్నే పార్కులో చురుగ్గా నడిచేవాళ్ల వేగం ఇంచుమించు ఇంతే. అయినా ఏళ్ల తరబడి సాధన చేసి, అర్హత పందేలు పూర్తిచేసి, లాటరీలో చోటు సంపాదించిన రన్నర్లలో చల్లటి ఏడాదైతే ఐదారుగురిలో ఒకరు, ఎండ మండిన ఏడాదైతే ముగ్గురిలో ఒకరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు. నడక వేగం చాలే చోట, పరుగులో ఆరితేరినవాళ్లు ఎందుకు ఓడిపోతున్నారు?

ఆగిపోయినవాళ్ల పేర్ల పక్కన ఫలితాల జాబితాలో డీఎన్‌ఎఫ్ అని మూడక్షరాలు పడతాయి. పూర్తిచేయలేదని దాని భావం. ఇంటికి తిరిగొచ్చాక వాళ్లు చెప్పుకునే కారణాలు సాధారణంగా రెండే: సరిపడా కిలోమీటర్లు పరిగెత్తలేదు, లేదా గుండె దిటవు చాల్లేదు. కాబట్టి రెండోసారికి చేసే ఏర్పాట్లూ రెండే: వారానికి మరో ఇరవై కిలోమీటర్లు పెంచడం, ఈసారి ఏమైనా ఆగకూడదని ఒట్టు పెట్టుకోవడం. ఈ రెండూ తప్పని కాదు, కానీ అసలు విషయం ఇందులో జారిపోతోందన్నదే ఈ అధ్యాయం వాదన. ఇలాంటి పందెంలో మామూలు రన్నర్‌ని ఆపేవి ఎక్కువగా నాలుగు: దిగుడులో తొడ కండరాలు, తిన్నది ఒంటపట్టించుకోవలసిన పేగు, ఎండ, ఒంట్లోని నీళ్లూ ఉప్పుల పొంతన. ఈ నాలుగింటికీ సాధనతో మారే గుణం ఉంది. అయితే దేని సాధన దానిదే. ఒకదాని సాధన మరోదానికి అక్కరకు రాదు, వట్టి కిలోమీటర్లు పెంచితే నాలుగూ బాగుపడవు. అందుకే రెండో ప్రయత్నానికి సాధన పథకం, మొదటిసారి ఏ గంటలో ఏ చోట ఏది విఫలమైందో అక్కడినుంచే తయారవ్వాలి.

ఈ పందెం పుట్టుకే ఒక మళ్లీ ప్రయత్నంలో ఉంది. ఇదే దారిలో 1955 నుంచి గుర్రపు స్వారీ పందెం జరిగేది. నూరు మైళ్లు ఒక్క రోజులో దాటించాలి. గోర్డీ ఐన్స్‌లీ అనే స్వారీగాడి గుర్రం 1973లో దారిలో కుంటిపడింది. మరుసటి ఏడాది అతను గుర్రం లేకుండానే బయల్దేరి, 23 గంటల 42 నిమిషాల్లో కాలినడకనా పరుగునా దారంతా పూర్తిచేశాడు. ఇప్పటికీ 24 గంటల్లోపు చేరినవాళ్లకు వెండి బకిల్, 30 గంటల్లోపు చేరినవాళ్లకు కంచు బకిల్ ఇస్తారు. దారి తీరు ఇది: మొదటి 7 కిలోమీటర్లలోనే దాదాపు 780 మీటర్లు ఎక్కి, 2,660 మీటర్ల ఎత్తున ఎమిగ్రంట్ పాస్ కనుమ దాటాలి. అక్కడినుంచి సియెర్రా నెవాడా కొండల మీదుగా ఆబర్న్ వైపు దిగుతూ, మధ్యలో అమెరికన్ నది పాయలు కోసిన లోయల్లోకి జారుతూ, మళ్లీ ఎక్కుతూ పోవాలి. అన్నీ కలిపితే ఎక్కుడు 5,500 మీటర్లు, దిగుడు 7,000 మీటర్లు. ఈ రెండో అంకెను గుర్తుంచుకోవాలి.

ఒకసారి ఆగిపోయినవాడికి మళ్లీ అవకాశం వెంటనే రాదు కూడా. దాదాపు 370 చోట్ల కోసం వేలమంది దరఖాస్తు చేస్తారు, పేర్లు లాటరీలో తీస్తారు. చోటు దొరక్కుండా ఏటా దరఖాస్తు పెడుతూ పోతే టికెట్లు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపవుతాయి. ఒకసారి పాల్గొన్నవాడు మళ్లీ ఒక్క టికెట్‌తో మొదలెట్టాలి. ఈ నిరీక్షణ శిక్షలా కనిపిస్తుంది గానీ, ఒంటికి సంబంధించినంతవరకు ఇది వరం. కింద చెప్పబోయే మార్పుల్లో కొన్నింటికి రెండు వారాలు చాలు, కొన్నింటికి నెలలు పడతాయి, కొన్ని వచ్చినంత వేగంగానే పోతాయి. ఏది ఎప్పుడు మొదలెట్టాలో తెలిసినవాడికి ఆ ఏళ్లు వృథా కావు.

ముందు గుండె, ఊపిరితిత్తుల సంగతి తేలుద్దాం. పరుగు శాస్త్రమంతా చాలాకాలం ఒక కొలత చుట్టూ తిరిగింది. నిమిషానికి ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నదే ఆ కొలత. ఐదు కిలోమీటర్ల పందెంలో రన్నర్ ఆ గరిష్ఠానికి అంచుల్లో ఉంటాడు, మారథాన్‌లో నాలుగింట మూడు వంతులకు అటూఇటూగా ఉంటాడు. ఒక పగలూ ఒక రాత్రీ సాగే పందెంలో మాత్రం సగటున సగానికి లోపే ఉంటాడు. నిటారు ఎక్కుళ్లలో ఆయాసం వస్తుంది నిజమే, కానీ అక్కడ దాదాపు అందరూ నడుస్తారు. అంటే మారథాన్ హాయిగా పూర్తిచేయగలవాడి గుండెకు ఈ పని తలకు మించినది కాదు. మార్టిన్ హాఫ్‌మన్ అనే వైద్య పరిశోధకుడు సహచరుడితో కలిసి 2009లో వెస్టర్న్ స్టేట్స్‌లో, వెర్మాంట్‌లో జరిగే మరో నూరు మైళ్ల పందెంలో రన్నర్లను అడిగి కారణాలు సేకరించాడు. మధ్యలో ఆగినవాళ్లు చెప్పిన ప్రధాన కారణాల్లో మొదటి స్థానం వికారం, వాంతులది. దాదాపు నాలుగో వంతు మందిని అవే ఆపాయి. పూర్తిచేసినవాళ్లను బాధించినవి పాదాల బొబ్బలు, వికారం, కండరాల నొప్పి. ఊపిరి అందకపోవడం ఆ వరసలో పైన ఎక్కడా లేదు.

ఇక మొదటిది, దిగుడు. ఎక్కేటప్పుడు తొడ ముందరి కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం ఒంటి బరువుకు అడ్డుపడుతూ, బలం పెడుతూనే సాగుతుంది. ఇలా సాగుతూ పనిచేసేటప్పుడు శ్రమ తక్కువ అనిపిస్తుంది, ఆయాసం రాదు, గడియారంలో వేగం బాగా కనిపిస్తుంది. నష్టం మాత్రం లోపల జరుగుతుంది. కండరపు పోగుల్లోని అతి చిన్న సంకోచ భాగాల్లో బలహీనమైనవి హద్దు దాటి సాగి చెదిరిపోతాయి, వాటి పొరలు తెగుతాయి, లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. వాటిలో క్రియాటిన్ కైనేజ్ అనేదాన్ని కొలిచి నష్టాన్ని అంచనా వేస్తారు. మామూలు మనిషి రక్తంలో అది లీటరుకు సుమారు 200 యూనిట్ల లోపు ఉంటుంది. వెస్టర్న్ స్టేట్స్ ముగించినవాళ్లలో 2010లో కొలిస్తే మధ్యస్థ విలువ 20 వేలు దాటింది, కొందరిలో లక్ష కూడా దాటింది. ఆల్ప్స్‌లో మోఁ బ్లాఁ చుట్టూ జరిగే 166 కిలోమీటర్ల పందెం తర్వాత గియోమ్ మిలే బృందం రన్నర్ల మోకాలి కండరాల బలాన్ని కొలిస్తే మూడో వంతుకు పైగా తగ్గిపోయి ఉంది.

ఈ గాయానికి విచిత్రమైన మందు ఆ గాయమే. 1985లో బర్న్స్ బృందం కొందరిని అరగంటసేపు దిగుడులో పరిగెత్తించింది. మూడు వారాలకో ఆరు వారాలకో అదే పని మళ్లీ చేయిస్తే నొప్పీ, రక్తంలో ఎంజైమూ మొదటిసారికంటే బాగా తగ్గాయి. తొమ్మిది వారాలు ఆగి చేయిస్తే నొప్పి విషయంలో ఆ రక్షణ కనిపించలేదు. అంటే కండరం ఒక్క దెబ్బతోనే నేర్చుకుంటుంది, కొన్ని వారాలు గుర్తుంచుకుంటుంది, తర్వాత మరిచిపోతుంది. సముద్రమట్టాన చదును రోడ్ల మీద ఏడాదికి నాలుగువేల కిలోమీటర్లు పరిగెత్తినవాడికి ఈ రక్షణ దాదాపు ఉండదు. నెలకు రెండు మూడుసార్లు పొడవాటి దిగుడులో పరిగెత్తి, ఆఖరిది పందేనికి రెండు మూడు వారాల ముందు ముగించినవాడికి ఉంటుంది. కొండ దగ్గర్లో లేనివాడు ఎత్తైన భవనం మెట్లు దిగవచ్చు, వ్యాయామశాలలో బరువుతో నెమ్మదిగా కూర్చుంటూ లేవవచ్చు. ఒంటికి కావలసింది బరువు మోస్తూ సాగే అనుభవం.

రెండోది పేగు. 65 కిలోల మనిషికి ఈ దూరం ఖర్చు తక్కువలో తక్కువ 10 వేల కేలరీలు. కాలేయంలో, కండరాల్లో నిలవ ఉండే పిండిపదార్థం సుమారు 2 వేల కేలరీలే. మిగతాది కొంత కొవ్వు నుంచి రావాలి, కొంత దారిలో తినాలి. తినడానికి హద్దు పెట్టేది పేగు గోడ. గ్లూకోజ్‌ని లోపలికి చేర్చే రవాణా ప్రోటీన్లు గంటకు 60 గ్రాములు దాటితే చేతులెత్తేస్తాయి. ఫ్రక్టోజ్‌కి వేరే ద్వారం ఉంది కాబట్టి రెండూ కలిపి తీసుకుంటే 90 గ్రాముల దాకా పోవచ్చు. గ్లూకోజ్ దారి తెరుచుకోవాలంటే దాంతోపాటు సోడియం ఉండాలి. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా సోకినప్పుడు బొంగావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇదే సూత్రంతో ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దించాడు. మన ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం వెనకా, నూరు మైళ్ల రన్నర్ సీసాలోని ద్రవం వెనకా ఉన్న విజ్ఞానం ఒకటే.

అయితే ద్వారం ఉన్నంత మాత్రాన చాలదు, రక్తం కూడా ఉండాలి. గట్టిగా శ్రమించేటప్పుడు రక్తం కాళ్లకు, ఎండలో చర్మానికి మళ్లుతుంది. పేగుకు అందేది మామూలులో నాలుగో వంతుకు కూడా పడిపోవచ్చు. అప్పుడు తిన్నది పొట్టలో నిలిచిపోతుంది, వికారం పుడుతుంది, వాంతవుతుంది. 2013 వెస్టర్న్ స్టేట్స్‌లో అడిగినవాళ్లలో దాదాపు అందరికీ ఏదో ఒక కడుపు బాధ కలిగింది. నూటికి 44 మంది అది తమ పరుగును దెబ్బతీసిందన్నారు. ఇది తలరాత కాదు. పిండిపదార్థం ఎక్కువగా తింటే పేగులో రవాణా ప్రోటీన్లు పెరుగుతాయని జంతువుల్లో చూశారు. మనుషుల్లో రికార్డో కోస్టా బృందం రన్నర్లకు రెండు వారాలపాటు పరిగెడుతూ గంటకు 90 గ్రాములు తినిపించి సాధన చేయిస్తే, కడుపు బాధలు తగ్గాయి, ఒంటపట్టకుండా మిగిలేది కూడా తగ్గింది. ఉదయం ఖాళీ కడుపుతో పరిగెత్తి ఇంటికొచ్చి ఇడ్లీలు తినే అలవాటున్న రన్నర్, ఏడాదంతా కాళ్లకు సాధన ఇచ్చి పేగుకు మాత్రం సెలవిచ్చినట్టే. వారాంతపు పొడవాటి పరుగులో, అందులోనూ ఎండలో, పందెంనాడు తినబోయేదే తినడం సాధనలో భాగం కావాలి.

మూడోది ఎండ. లోయల్లో జూన్ మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం మామూలే. నడిరేయి మంచుకొండల చలి గాలిలో నిద్రలేచి వచ్చినవాళ్లు, 70 కిలోమీటర్లు దాటాక డెవిల్స్ థంబ్ అనే నిటారు ఎక్కుడు దగ్గర మధ్యాహ్నపు ఎండ మండే వేళకు చేరుతారు. కండరం ఖర్చుచేసే శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగానే మిగులుతుంది. దాన్ని వదిలించేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. ఎండకు ఒళ్లు అలవాటుపడే తీరును మొదట క్రమబద్ధంగా గమనించింది దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో. లోతు గనుల్లో వడదెబ్బతో కార్మికులు చనిపోతుంటే, వాళ్లను పనిలోకి దించేముందు వేడి గదుల్లో కొన్నాళ్లు పనిచేయించి అలవాటు చేసేవాళ్లు. తర్వాతి పరిశోధనలు వివరం తేల్చాయి: మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, రెండు వారాల్లోగా చెమట తొందరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. 2007లో న్యూజిలాండ్ పరిశోధకులు ఆరుగురు రన్నర్లకు మూడు వారాలపాటు పరుగయ్యాక సౌనా గదిలో కూర్చోబెట్టి చూస్తే ఒంట్లో ప్లాస్మా 7 శాతం పెరిగింది, అలసిపోయేదాకా పరిగెత్తే సమయం మూడో వంతు పెరిగింది. ఆరుగురు చిన్న సంఖ్యే, కానీ దిశ మాత్రం గనుల అనుభవంతో సరిపోతుంది. ఈ అలవాటు పందేనికి ముందు వారాల్లోనే తెచ్చుకోవాలి, ఎండ మానేస్తే రోజుకు రెండున్నర శాతం చొప్పున కరిగిపోతుంది.

ఎండంటే మనకు లెక్కలేదని తెలుగు పాఠకులు అనుకోవచ్చు. మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో పొలం పనో, ఇటుక బట్టీ పనో చేసేవాళ్ల విషయంలో అది నిజమే, వాళ్ల ఒళ్లు ఏటా ఈ అలవాటును తెచ్చుకుంటుంది. అదే ఊళ్లో పొద్దంతా ఏసీలో కూర్చుని తెల్లవారుజామున 5 గంటలకు పరిగెత్తే ఉద్యోగి ఒంటికి ఎండ పెద్దగా తగలదు. సిలికాన్ వ్యాలీలో స్థిరపడి ఆ పందేనికి దరఖాస్తు పెట్టే తెలుగు రన్నర్ పరిస్థితి ఇంకా ఇబ్బంది: పసిఫిక్ గాలి చల్లబరిచే ఊళ్లలో వేసవి తెలియదు, మూడు గంటల కారు ప్రయాణం దూరంలోని లోయ మాత్రం భగ్గుమంటుంది. మరో తేడా కూడా ఉంది. విశాఖపట్నం ఉక్కపోతలో చెమట ఆవిరి కాక కారిపోతుంది. సియెర్రా పొడిగాలిలో అది కనబడకుండానే ఆవిరవుతుంది. ఒళ్లు తడవలేదు కాబట్టి నీళ్లు పోలేదనుకుంటే మోసపోతాం.

ఇక్కడే నాలుగోది వస్తుంది, నీళ్లూ ఉప్పూ. నీళ్లు తగ్గితే ప్రమాదమన్న భయంతో దాహం లేకపోయినా తాగమన్న సలహా చాలాకాలం రాజ్యమేలింది. దక్షిణాఫ్రికాలో సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పందెం రన్నర్లను గమనించిన టిమ్ నోక్స్ బృందం 1985లో దీనికి ఎదురు చెప్పింది: అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు ఉబ్బి ప్రాణాపాయం రావచ్చు. సుదీర్ఘ శ్రమలో నీటిని పట్టి ఉంచే హార్మోన్ చురుగ్గా ఉంటుంది కాబట్టి, అదనంగా తాగింది మూత్రంగా పోదు. 2009 వెస్టర్న్ స్టేట్స్ ముగించినవాళ్లలో పరీక్షించినవాళ్లకు నూటికి 30 మందిలో సోడియం మామూలు హద్దుకంటే తక్కువగా ఉంది. ఒకప్పుడు ఈ పందెంలో దారిపొడవునా రన్నర్లను తూకం వేసి, బరువు బాగా తగ్గితే ఆపేసేవాళ్లు. బరువు మూడు నాలుగు శాతం తగ్గినవాళ్లు కులాసాగా ముగించడం, బరువు పెరిగినవాళ్లు ఆసుపత్రి పాలవడం చూశాక ఆ నమ్మకం సడలింది. 2015లో నిపుణులు కూడి చెప్పిన మాట సరళమైనది: దాహమేస్తే తాగు. వికారం, తలనొప్పి, తడబాటు కనిపించగానే నీళ్లు తక్కువయ్యాయనుకుని మరో సీసా ఎత్తితే, జబ్బుకు జబ్బునే మందుగా వేసినట్టవుతుంది.

ఈ నాలుగూ విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి లాగుతాయి. అందుకే విఫలమైన చోటు వేరు, వైఫల్యం మొదలైన చోటు వేరు. 90వ కిలోమీటరు దగ్గరి మిషిగన్ బ్లఫ్‌లో వాంతి చేసుకుని కుర్చీలో కూలబడ్డ రన్నర్ కథను వెనక్కి నడిపించండి. ఉదయం చల్లగా ఉందని, దిగుడు హాయిగా ఉందని అనుకున్న వేళకంటే గంట ముందు నడిచాడు. ఆ వేగానికి తొడలు చెడ్డాయి, ఒళ్లు వేడెక్కింది. లోయలోకి దిగేసరికి రక్తం చర్మానికి పోయి పేగు ఎండింది. తినలేదు, అందుకే నెమ్మదించాడు, అందుకే ఎండలో మరింతసేపు ఉన్నాడు. అతని డైరీలో కడుపు చెడిందని రాసి ఉంటుంది, అసలు తప్పు మాత్రం ఉదయం 9 గంటల దిగుడులో ఉంది. మరొకరి విషయంలో కారణం ఇంకా సాదాగా ఉండొచ్చు. దారిలో తిండీ నీళ్లూ అందించే ఎయిడ్ స్టేషన్లు సుమారు 20 ఉన్నాయి. ఒక్కోచోట 8 నిమిషాలు ఆగితే 2 గంటల 40 నిమిషాలు కదలకుండా పోతాయి. అప్పుడు మిగతా సమయంలో గంటకు 5.4 బదులు 5.9 కిలోమీటర్లు నడవాలి. వేళ మించిపోయి ఆగినవాళ్లలో కొందరికి కాళ్ల సాధనకంటే సీసా నింపుకునే సాధన అవసరం. కారణం ఇలా తేల్చకుండా కిలోమీటర్లు పెంచడం చిల్లు కుండలో మరిన్ని బిందెలు పోయడం లాంటిది.

దీనికి మొదటి అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది: ఎక్కువ పరిగెత్తినవాళ్లే బాగా ముగిస్తారు కదా, కిలోమీటర్లను ఎందుకు తక్కువ చేస్తున్నావు? ముగిస్తారు, నిజమే. కీళ్లు, స్నాయువులు, పాదాల చర్మం, కొవ్వును మండించే శక్తి, ఇవన్నీ దీర్ఘకాలపు పరుగుతోనే గట్టిపడతాయి. ఏ సాధనా లేనివాడు పై నాలుగింటిని సరిచేసుకున్నా పూర్తిచేయలేడు. కానీ మన ప్రశ్న రెండోసారి ప్రయత్నించేవాడి గురించి. అతను అర్హత పందెం పూర్తిచేసినవాడు, వంద కిలోమీటర్ల దాకా పోయినవాడు. పునాది ఉన్నవాడికి అదే పునాదిమీద మరో పొర వేస్తే వచ్చే లాభం తక్కువ, గాయాల ముప్పు ఎక్కువ. అదే గంటను దిగుడుకో, తింటూ పరిగెత్తడానికో, ఎండకో ఇస్తే ఇంకా ముట్టని చోట మార్పు వస్తుంది. కిలోమీటర్ల లెక్క తగ్గించనక్కర్లేదు, ఆ కిలోమీటర్లు ఎక్కడ, ఏ వేళ, ఏం తింటూ అన్నది మార్చాలి.

రెండో అభ్యంతరం బలమైనది. అంతా మనసులోనే ఉందంటారు. దీనికి ప్రయోగాల మద్దతు కూడా ఉంది. సామ్యూల్ మార్కోరా బృందం సైకిల్ యంత్రంమీద కొందరిని ఇక తొక్కలేమనేదాకా 242 వాట్ల దగ్గర తొక్కించి, ఆ క్షణానే ఐదు సెకన్లు శక్తికొద్దీ తొక్కమంటే వాళ్లు 731 వాట్లు చూపారు. కండరంలో బలం ఉండగానే మనిషి ఆగిపోయాడన్నమాట. అదే పరిశోధకుడు అంతకుముందు చేసిన మరో ప్రయోగంలో, గంటన్నరసేపు విసుగు పుట్టించే కంప్యూటర్ పని చేసిన రోజున, చేయని రోజుకంటే అదే మనుషులు దాదాపు 15 శాతం ముందే చేతులెత్తేశారు, గుండె పనితీరులో మాత్రం తేడా లేదు. కాబట్టి ఆగిపోవడం ఒక నిర్ణయమేనన్న మాట ఒప్పుకోవాలి. అయితే ఆ నిర్ణయం గాలిలోంచి రాదు, ఆ క్షణాన శ్రమ ఎంత బరువనిపిస్తోందో దాన్నిబట్టి వస్తుంది. చెడిన తొడ కండరం నుంచి అదే అడుగు వేయించాలంటే మెదడు ఎక్కువ ఆజ్ఞ పంపాలి, ఒళ్లు వేడెక్కితే శ్రమ భారమనిపిస్తుంది, తిండి లేకపోతే నిరాశ కమ్ముతుంది. వీటిని తగ్గించడమే మనసుకు చేసే అసలు సాయం. పందేనికి ముందు వారం నిద్ర కూడబెట్టుకోవడం, 100వ కిలోమీటరు దగ్గరి ఫారెస్ట్‌హిల్ నుంచి తోడు పరిగెత్తే పేసర్‌కి నిర్ణయాలు అప్పగించడం కూడా ఇందులోకే వస్తాయి. ఒట్టు పెట్టుకోవడం వల్ల నష్టం లేదు, కానీ తెల్లవారుజామున 3 గంటలకు ఆ ఒట్టు ఎంత బరువు మోయాలో నిర్ణయించేది ముందటి నెలల పని.

మూడో అభ్యంతరం శాస్త్రం పద్ధతికి సంబంధించింది. మండుటెండ ఏడాది ఓడినవాడు చల్లటి ఏడాది గెలిస్తే, గెలిపించింది సాధనా, వాతావరణమా? ఈ అనుమానం న్యాయమైనదే. జిమ్ వామ్‌స్లీ అనే మేటి రన్నర్ ఈ పందెంలో 2016లో రికార్డు వేగంతో ముందు పోతూ దారి తప్పాడు. 2017లో కడుపు చెడి 125వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాడు. 2018లో ఎండ తగ్గని ఏడాదిలోనే 14 గంటల 30 నిమిషాల్లో ముగించి రికార్డు కొట్టాడు, 2019లో దాన్ని 14 గంటల 9 నిమిషాలకు దించాడు. 2019 చల్లటి ఏడాది, కాబట్టి ఆ 21 నిమిషాల్లో వాతావరణం వాటా ఎంతో విడదీయలేం. 2018 గెలుపుకు మాత్రం ఆ వివరణ చాలదు. అయినా ఒక్కడి కథ రుజువు కాదు. అందుకే ఈ వాదన భారం గెలిచినవాళ్ల జ్ఞాపకాలమీద కాక, పోలిక చూసే ప్రయోగాలమీద, దిగుడు పరుగు, పేగు సాధన, సౌనా ప్రయోగాలమీద మోపాం. రన్నర్ కూడా పందెం ఫలితం కోసం కాచుకోనక్కర్లేదు. నెల ముందు 35 డిగ్రీల ఎండలో నాలుగు గంటలు పరిగెడుతూ గంటకు 60 గ్రాములు తిని వికారం లేకుండా ఉన్నాడా, ఆరువందల మీటర్ల దిగుడు తర్వాత మర్నాడు మెట్లు మామూలుగా దిగాడా అన్నది అప్పుడే తెలిసిపోతుంది.

ఒంటిని ఇంత హింసపెట్టడం అవసరమా అన్న ప్రశ్నకు ఒక్క హెచ్చరికతో జవాబు చెప్పాలి. పరిష్కారం అనుకున్నవన్నీ పరిష్కారాలు కావు. ఈ పందెంలోనే డేవిడ్ నీమన్ బృందం చేసిన పరిశోధనలో, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు నొప్పిగానీ కండర నష్టంగానీ తగ్గలేదు సరికదా, పేగునుంచి రక్తంలోకి చేరే విషాలు, వాపు సంకేతాలు పెరిగాయి. కండరాల శిథిలాలు అడ్డుపడి ఇప్పటికే భారం మోస్తున్న మూత్రపిండాలకు ఆ మాత్ర ఇంకో బరువు. లక్షణాన్ని నొక్కేసే మాత్ర రెండో ప్రయత్నానికి కావలసిన సమాచారాన్నే చెరిపేస్తుంది. ముదురు కాఫీ రంగు మూత్రం, తికమక, ఆగని వాంతులు కనిపిస్తే అక్కడితో ఆగడమే తెలివి.

కాబట్టి మళ్లీ ప్రయత్నించేవాడు మొదట చేయవలసిన పని పరుగు కాదు, లెక్క. ఎయిడ్ స్టేషన్లలో నమోదైన సమయాలు వరసగా రాసుకుని, ఎక్కడ వేగం విరిగిందో చూసి, దానికి రెండు మూడు గంటల ముందు ఏం తిన్నాడు, ఎంత తాగాడు, ఎంత ఎండ, ఎంత దిగుడు అని పక్కన రాసుకోవాలి. అప్పుడు నాలుగింటిలో తనదేదో తేలుతుంది. తొడలదైతే నెలల ముందునుంచీ దిగుడు, పేగుదైతే ప్రతి పొడవాటి పరుగులోనూ తిండి, ఎండదైతే ఆఖరి మూడు వారాలూ వేడి, నీళ్లదైతే దాహాన్ని నమ్మే అలవాటు. ఏదీ తేలక, అన్నీ సవ్యంగా ఉండి వేగమే చాల్లేదని తేలితే అదీ నిజాయితీ గల ఫలితమే: అప్పుడు మాత్రమే పాత సలహా, అంటే ఇంకా ఎక్కువ పరిగెత్తడం, సరైన సలహా అవుతుంది. లేదా ఇంకొంచెం ఉదారమైన గడువున్న పందెం ఎంచుకోవడం. నూరు మైళ్ల పందెం మనిషి దమ్ముకు పరీక్ష అని చెప్పుకుంటాం. ఆధారాలు చూస్తే అది అతని ఒంట్లో ఇంతవరకూ సాధన అందని భాగానికి పెట్టే పరీక్ష. ఆ భాగం ఏదో మొదటి ఓటమే చెప్పేసింది. రెండోసారి పూర్తిచేసేవాడికీ చేయనివాడికీ తేడా ఎక్కువసార్లు ఆ జవాబును చదివారా లేదా అన్నదే.